చేబదులు, చేవ్రాలు

తెలుగులో ‘చే’ అంటే చెయ్యి. ఆ చిన్న అక్షరంతో మొదలయ్యే రెండు మాటలను పిల్లలకు పరిచయం చేస్తూ ఈ వ్యాసం ఆరంభిస్తున్నాము. మొదటిది చేబదులు. కాగితమూ వడ్డీ లేకుండా, నమ్మకం మీద చేతి నుంచి చేతికి ఇచ్చే అప్పు అది. రెండవది చేవ్రాలు. అంటే సంతకం, తన చేతితో తాను వ్రాసిన పేరు. ఒక చెయ్యి నమ్మి ఇస్తుంది, మరొక చెయ్యి వ్రాసి ఇస్తుంది. నమ్మిన చోట వ్రాత అవసరమా? వ్రాయమని అడిగితే నమ్మకానికి అవమానమా? పరాయి దేశంలో ఒకరికొకరం అండగా బ్రతుకుతున్న మనకు ఈ ప్రశ్న ఏదో ఒకనాడు ఎదురవుతుంది. మాకు ఎదురైనప్పుడు మేము తప్పు సమాధానం చెప్పాము. అందుకే దీనిని వ్రాస్తున్నాము.

మా స్నేహితులలో ఒకాయన డబ్లిన్‌లో చాలా ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, అన్నప్రాశనలకు ఫొటోలు తీసేవారు. మోకాళ్ళ నొప్పి వల్ల ఆ వృత్తి మానుకోదలచి తన కెమెరాను అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చిన కుర్రవాడు మాకందరికీ తెలిసినవాడే. ఎనిమిదో ఏట తల్లిదండ్రులతో ఐర్లండ్‌కు వచ్చి, ఇక్కడి బడిలో చదువుకుని, తెలుగును ఇంట్లో విని నేర్చుకున్నవాడు. వారాంతాల్లో ఫొటోలు తీయడం వృత్తిగా మొదలుపెట్టాలని అతని కోరిక. ధర 1,800 యూరోలు. అందులో 600 ఆనాడే ఇవ్వాలి, తక్కినది నెలకు 200 చొప్పున ఆరు నెలలు. బేరం మా ఇంట్లోనే, ఉగాది పచ్చడి తిన్న బల్ల దగ్గరే కుదిరింది.

“ఐదేళ్ళు బాగా వాడాను బాబూ. సరంజామా అంతా ఈ సంచిలో ఉంది, తీసుకువెళ్ళు,” అన్నారు ఆయన.

“అలాగే బాబాయ్. ఒక కాగితం మీద రాసుకుందామా?” అన్నాడు ఆ అబ్బాయి, కొంచెం సంకోచిస్తూ.

“మనలో మనకు కాగితాలేమిటి?” అన్న మాట అప్పుడు వినబడింది. ఆ మాట అన్నది అమ్మిన ఆయన కాదు. మేమే.

నాలుగు నెలల తరువాత కెమెరా షట్టరు పనిచేయడం మానేసింది. బాగుచేసే వ్యక్తి లెక్క చూసి, ఇది అప్పటికే రెండు లక్షల సార్లకు మించి తెరుచుకున్నదని చెప్పాడు. కుర్రవాడి మనస్సు కష్టపడింది. “బాగా వాడానన్నారు కదా బాబాయ్,” అన్నాడు. అతని తెలుగులో బాగా అంటే చక్కగా, జాగ్రత్తగా. ఆయన తెలుగులో బాగా అంటే ఎక్కువగా. రెండూ సరైన తెలుగే. ‘సరంజామా’ అన్న మాట దగ్గర మరో చిక్కు వచ్చింది. సంచిలో ఉన్న పెద్ద లెన్సు వేసవి పెళ్ళిళ్ళ వరకు ఎరువు ఇచ్చినదని ఆయన అంటారు, ధరలో కలిసినదని అబ్బాయి అంటాడు. చివరి రెండు నెలల సొమ్ము ఆగిపోయింది. గుడిలో ప్రసాదం పెట్టేటప్పుడు ఎప్పుడూ ఒకే వరుసలో కూర్చునే రెండు కుటుంబాలు వేర్వేరు మూలల్లో కూర్చోసాగాయి.

చివరికి ఇద్దరూ మా దగ్గరకే వచ్చారు. “ఆ రోజు మీరున్నారు కదా, మీరే చెప్పండి,” అన్నారు. మేము ఎంత ఆలోచించినా, ఆ రోజు పులిహోర రుచి గుర్తుకువచ్చింది గాని, లెన్సు గురించి ఎవరేమన్నారో గుర్తుకు రాలేదు.

ఆ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదని మేము ఈనాటికీ నమ్ముతున్నాము. కాగితం అడగడమంటే ఎదుటివాణ్ణి దొంగగా చూడడమని అంతవరకు అనుకునేవాళ్ళము. ఇక్కడ దొంగ ఎవరూ లేరు. ఉన్నవి రెండు నిజాయితీ గల జ్ఞాపకాలు, అవి ఒకదానితో ఒకటి కలవలేదు, అంతే. మంచివాళ్ళ మధ్య వచ్చే తగవు మోసగాడితో వచ్చే తగవు కన్నా బాధాకరమైనది. మోసగాడి విషయంలో మన మనస్సు ఒక తీర్పుకు వచ్చి ఊరుకుంటుంది. మంచివాడి విషయంలో ఏ తీర్పుకూ రాలేక లోలోపల నలుగుతుంది.

“మన పెద్దలు నోటి మాట మీదనే ఇళ్ళూ పొలాలూ అమ్ముకున్నారు కదా” అని కొందరు అడుగుతారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ నోటి మాట ఎక్కడ పలికేవారో చూడాలి. తెలుగునాట పశువుల సంతలో దళారి కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాడు. ధర గుట్టుగా ఉన్నా, బేరం పదిమంది ఎదుట జరిగేది. ఎద్దు ఎవరిదో, దాని నడక ఎటువంటిదో, కొన్నవాడు ఏ ఊరివాడో చుట్టూ ఉన్నవారికి తెలుసు. ఐర్లండ్‌లోనూ ఇదే పద్ధతి. గాల్వే కౌంటీలోని బాలినస్లో పట్టణంలో ఏటా అక్టోబరులో జరిగే గుర్రాల సంత ఎంతో పేరుపొందినది. అటువంటి ఐరిష్ సంతల్లో మధ్యవర్తి ఇద్దరి చేతులూ పట్టి కలిపేవాడు, అరచేతిలో అరచెయ్యి చరిస్తే బేరం కుదిరినట్లు. అమ్మినవాడు తనకు వచ్చిన సొమ్ములో కొద్దిపాటి నాణెం కొన్నవాడికి శుభం కోరుతూ తిరిగి ఇచ్చేవాడు. దానిని లక్ పెన్నీ అంటారు.

ఇంకా వెనక్కి పోతే, బ్రెహన్ న్యాయమని పిలిచే ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్రంలో ఒప్పందాలు సాధారణంగా నోటి మాటగానే జరిగేవి. కాని ఆ మాటకు వెనుక పూచీదారులు నిలబడేవారు. చెల్లించకపోతే తాను చెల్లిస్తానని ఒకడు, చెల్లించేలా చేస్తానని మరొకడు, తన్ను తానే జామీనుగా పెట్టుకుని ఇంకొకడు. ఇలా పూచీలోనే రకాలున్నాయి. అంటే అక్కడా ఇక్కడా ఒంటరి నోటి మాటను ఎవరూ నమ్ముకోలేదు. ఊరంతా కలిసి ఒక పెద్ద జ్ఞాపకంగా ఉండేది. ఆ జ్ఞాపకమే వారి దస్తావేజు.

లూకన్‌లోనో స్వోర్డ్స్‌లోనో కార్క్‌లోనో ఉన్న మనకు ఆ ఊరు లేదు. మన బేరం ఒక వంటింటి బల్ల దగ్గర, ముగ్గురు మనుషుల మధ్య, టీ చల్లారేలోపు అయిపోతుంది. సాక్షులమైన మేము పులిహోర తింటూ ఉంటాము. పూర్వుల నోటి మాటను మాత్రం తెచ్చుకుని, దాన్ని మోసిన ఊరిని వెనుక వదిలి వచ్చాము. ఊరు చేసిన పని ఇప్పుడు ఒక చిన్న కాగితం చేయాలి.

మన ఆలయాలే ఈ విషయంలో మనకు మంచి గురువులు. గోదావరి సీమలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో వందలాది శాసనాలున్నాయి. వాటిలో చాలావరకు దానాలను నమోదు చేసినవి. స్వామి సన్నిధిలో అఖండ దీపం వెలిగించడానికి ఫలానా వారు ఇన్ని పశువులను ఇచ్చారు అన్న తరహా వివరాలు రాతి మీద చెక్కి ఉంటాయి. దాత దేవుణ్ణి నమ్మలేదని ఎవరమైనా అంటామా? తాను పోయిన తరువాత, తన పిల్లల పిల్లలు వచ్చిన తరువాత, పశువులను మేపేవారు మారిన తరువాత కూడా ఆ దీపం కొండెక్కకూడదని అతడు వ్రాయించాడు. వ్రాత అక్కడ రాబోయేవారి పట్ల శ్రద్ధ.

మరొక శాసనం మన ప్రశ్నకు ఇంకా దగ్గరగా వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్రతీరాన మోటుపల్లి రేవులో వేయించిన శాసనాన్ని అభయ శాసనమంటారు. అంతకుముందు తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాను ఆ పని చేయనని, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటానని గణపతిదేవుడు దేశదేశాల వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. రేవులో బలవంతుడు రాజు. వర్తకుడు పరదేశి, బలహీనుడు. ఆ శాసనంలో రాజు కట్టివేసినది తన చేతులనే. ఆ పత్రానికి అభయమన్న పేరు ఎంతో సార్థకం. మంచి ఒప్పందపత్రం చేయవలసిన పని అదే. ఇద్దరికీ భయం లేకుండా చేయడం.

ఇక్కడ ఒక ఆక్షేపణను నిజాయితీగా ఎదుర్కోవాలి. మన పల్లెల్లో కాగితమంటే భయపడే తాతలు, అవ్వలు ఎందరో ఉండేవారు. ఆ భయం అజ్ఞానం కాదు. వడ్డీ వ్యాపారి చేతిలో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసి, పొలం పోగొట్టుకున్న కథలు ఏ జిల్లాలోనైనా వినబడతాయి. ఆ కాగితాలకూ మోటుపల్లి శాసనానికీ ఉన్న భేదమేమిటి? ప్రోనోటు ఒకరి పెట్టెలోనే ఉండేది, శాసనం అందరి ఎదుటా నిలబడింది. ప్రోనోటులో అక్షరాలు సంతకం చేసేవాడికి తెలియవు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రోనోటు బలహీనుణ్ణి కట్టివేసింది, శాసనం బలవంతుణ్ణి కట్టివేసింది. కనుక కాగితం మంచిదా చెడ్డదా అని అడిగే బదులు, ఈ కాగితం ఎవరి చేతులు కడుతున్నది, ఎవరు దీనిని చదవగలరు, ఎవరి దగ్గర ఉంటుంది అని అడగాలి. వాడిన వస్తువు అమ్మకంలో బలవంతుడు అమ్మేవాడే. డబ్బు వల్ల వచ్చిన బలం కాదది. ఆ వస్తువు ఏనాడు కింద పడిందో, ఏ వానలో తడిసిందో అతడికి ఒక్కడికే తెలుసు.

తెలిసినదంతా చెప్పాలా? ఇది చాలా పాత ప్రశ్న. రోమన్ ఆలోచనాపరుడు సిసిరో క్రీస్తుపూర్వం 44లో ధర్మవిధుల మీద వ్రాసిన గ్రంథంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. రోడ్స్ ద్వీపంలో కరవు వచ్చింది. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యపు ఓడతో చేరుకున్నాడు. వెనుక మరికొన్ని ఓడలు వస్తున్నాయని అతడికి తెలుసు. ఆ సంగతి చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా, వద్దా? చట్టం కోరినంత వరకు చెబితే చాలు, ఊరుకోవడం దాచడం కాదని డయోజినిస్ అనే తత్త్వవేత్త వాదించినట్లు, అమ్మేవాడికి తెలిసినదేదీ కొనేవాడికి తెలియకుండా ఉండకూడదని అతని శిష్యుడు ఆంటిపాటర్ వాదించినట్లు సిసిరో చెబుతాడు. సిసిరో శిష్యుడి పక్షాన నిలిచాడు.

మన ధర్మశాస్త్రాలు ఇదే సంగతిని మరో వైపు నుంచి చూశాయి. విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. దానిని ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో, తిక్కన కాలపు కవి కేతన, విజ్ఞానేశ్వరీయమనే తెలుగు పద్యకావ్యం రచించాడు. అంటే క్రయవిక్రయాల ధర్మం తెలుగు పద్యానికి తగిన విషయమని మన పూర్వులు ఏడు వందల ఏళ్ళకు పూర్వమే భావించారు. యాజ్ఞవల్క్యుడు తగవులో మూడు మానుష ప్రమాణాలను చెప్పాడు. లిఖితం, భుక్తి, సాక్షులు. అంటే వ్రాత, అనుభవంలో ఉండడం, చూసినవారు. మా ఇంట్లో జరిగిన బేరానికి వ్రాత లేదు, సాక్షులమైన మాకు జ్ఞాపకం లేదు. మిగిలినది భుక్తి ఒక్కటే. లెన్సు అబ్బాయి దగ్గర ఉంది, అంతే!

యాజ్ఞవల్క్యుడు కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి గడువులు కూడా పెట్టాడు. విత్తనాలకు పది రోజులు, బండి లాగే పశువుకు ఐదు, రత్నాలకు ఏడు, పాడి పశువుకు మూడు, ఇనుముకు ఒక రోజు. ఆ జాబితాలో దాసదాసీలు కూడా ఉన్నారు, ఆ భాగాన్ని మనం తలవంచుకుని చదవవలసిందే. అయినా అందులోని సూక్ష్మం గమనించదగినది. ఇనుము లోపం ఒక్క రోజులో బయటపడుతుంది. విత్తనం సంగతి మొలకెత్తితే గాని తెలియదు. లోపం బయటపడే కాలాన్ని బట్టి గడువు ఉండాలన్నది సూత్రం. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో బేరం నుంచి వెనక్కి తగ్గడానికి వర్తకులకు ఒక రాత్రి, కృషీవలులకు మూడు, పశుపాలకులకు ఐదు రాత్రుల గడువు ఇచ్చాడు. కెమెరాకు, కుట్టు మిషనుకు, వంటవారి పెద్ద గ్రైండరుకు, సభల్లో వాడే స్పీకర్లకు ఎన్ని రోజులు? శాస్త్రం చెప్పదు. ఆ ఇద్దరే కూర్చుని వ్రాసుకోవాలి.

మాట నిలబెట్టుకోవడంలో మనకు ఆదర్శం బలి చక్రవర్తి. వామనుడు మూడడుగుల నేల అడిగాడు. ఎవరి అడుగు, ఎంత పొడవు అని బలి అడగలేదు. ఆ అడుగు భూమ్యాకాశాలను కొలిచినా, మాట తప్పక తన శిరస్సునే చూపించాడు. అది మహోన్నతమైన కథ. కాని కొలత చెప్పకుండా బేరం చేసి, తేడా వచ్చినప్పుడు “నువ్వు మాట ఇచ్చావు కదా” అని స్నేహితుణ్ణి నిలదీస్తే, మనం అతణ్ణి బలి చక్రవర్తివి కమ్మని అడుగుతున్నట్లే. మనం బలి అంతటి వాళ్ళం కావాలని కోరుకోవచ్చు. ఎదుటివాడు అంతటివాడు కాక తప్పని పరిస్థితిని కల్పించడం ధర్మం కాదు. కొలతలు ముందుగా వ్రాసుకోవడమంటే ఒకరి త్యాగం మీద ఒకరం ఆధారపడకుండా చూసుకోవడం.

ఇక మనం నివసిస్తున్న ఈ దేశపు చట్టం సంగతి. 1695లో ఐర్లండ్‌లో ఒక చట్టం వచ్చింది. కొన్ని ముఖ్యమైన ఒప్పందాలు, విశేషించి భూమికి సంబంధించినవి, వ్రాతలో ఉండాలని అది చెప్పింది. మోసాలను, తప్పుడు ప్రమాణాలను నివారించడం దాని ఉద్దేశమని దాని పేరులోనే ఉంది. తరువాత 1893లో వచ్చిన సరుకుల అమ్మకపు చట్టం, పది పౌన్లు లేదా అంతకు మించిన విలువ గల సరుకు బేరం కోర్టులో నిలవాలంటే మూడింటిలో ఒకటి కావాలన్నది. కొన్నవాడు సరుకులో కొంతైనా స్వీకరించి ఉండాలి, లేదా బయానాగానో ధరలో భాగంగానో కొంత ఇచ్చి ఉండాలి, లేదా సంతకంతో వ్రాత ఉండాలి. బయానాను మన స్మృతులు సత్యంకారం అన్నాయి. సత్యం చేయడం అని దాని అర్థం. ఈ దేశపు చట్టమూ యాజ్ఞవల్క్యుడూ ఇక్కడ ఒకే మాట మీద కలుసుకున్నారు. భారతదేశంలో 1930లో వచ్చిన సరుకుల అమ్మకపు చట్టానికి కూడా ఆ 1893 చట్టమే మాతృక.

మనం గుర్తుంచుకోవలసిన భేదం ఒకటి ఉంది. దుకాణదారుడు వినియోగదారుడికి అమ్మితే 2022లో వచ్చిన వినియోగదారుల హక్కుల చట్టం కొన్నవాడికి గట్టి రక్షణ ఇస్తుంది. ఒక వ్యక్తి మరొక వ్యక్తికి సొంతంగా అమ్మితే ఆ రక్షణలలో చాలా భాగం వర్తించదు. వస్తువు అమ్మే హక్కు అమ్మినవాడికి ఉండాలి, వస్తువు అతడు వర్ణించినట్లు ఉండాలి. ఇవి మాత్రం అప్పుడూ వర్తిస్తాయి. వర్ణించినట్లు ఉండాలంటే, ఏమని వర్ణించాడో ముందు తెలియాలి కదా! ‘బాగా వాడాను’ అన్న వర్ణన ఏ న్యాయమూర్తికి అర్థమవుతుంది? జిల్లా కోర్టుల్లో 2,000 యూరోల లోపు తగవులకు తక్కువ ఖర్చుతో పరిష్కారం చూపే చిన్న క్లెయిముల పద్ధతి ఉన్నది. అదైనా వ్యక్తుల మధ్య అమ్మకాలకు సాధారణంగా వర్తించదు. వృత్తిలో ఉన్నవారు తమ వృత్తి సామగ్రిని అమ్మినప్పుడు ఏ పద్ధతి కిందకు వస్తుందో సందేహం కలిగితే సొలిసిటర్‌ను అడగడం మేలు.

ఒక్కసారి మన కార్ల సంగతి ఆలోచిద్దాం. ఇక్కడ మనలో ఒకరి కారు మరొకరు కొన్నప్పుడు, వాహన రిజిస్ట్రేషన్ పత్రం మీద కొత్త యజమాని పేరు నింపి, షానన్‌లోని ప్రభుత్వ కార్యాలయానికి తెలియజేస్తాము. “నన్ను నమ్మలేదా?” అని ఎవరూ నొచ్చుకోరు. అది పద్ధతి అని ఊరుకుంటాము. అలవాటైన కాగితం ఎవరినీ నొప్పించదు, అలవాటు లేనిదే నొప్పిస్తుంది. కనుక ఇది నమ్మకానికి సంబంధించిన చిక్కు కాదు, మొహమాటం. మొహమాటం వల్ల పోయే స్నేహాలు అనుమానం వల్ల పోయేవాటి కన్నా తక్కువేమీ కాదు.

ఆ కాగితంలో ఏముండాలి? ఒక పుట చాలు. ఇద్దరి పేర్లు, చిరునామాలు, తేదీ. వస్తువు పేరు, నమూనా, దాని మీద ఉన్న సీరియల్ నంబరు. ఇస్తున్న వస్తువుల జాబితా, అలాగే సంచిలో ఉండి కూడా ఇవ్వని వస్తువుల జాబితా. ఎంత వాడారో అంకెలలో. మధ్యశ్రేణి వృత్తి కెమెరాల షట్టర్లను తయారీదారులు సాధారణంగా లక్షన్నర, రెండు లక్షల సార్లకు పరీక్షిస్తారు కనుక, ఆ ఒక్క అంకె ఎన్నో మాటలకు బదులు. అమ్మేవాడికి తెలిసిన లోపాలన్నీ. ఈ వస్తువు తన సొంతమని, దీని మీద ఫైనాన్స్ బాకీ ఏదీ లేదని ఒక వాక్యం. వాయిదాల మీద తెచ్చుకున్న వస్తువు చివరి వాయిదా తీరే వరకు మనది కాకపోవచ్చు. ధర, వాయిదాల తేదీలు. ఎన్ని రోజుల లోపల ఏ లోపం బయటపడితే ఎవరు ఎంత భరించాలో. రెండు ప్రతులు, రెంటి మీదా ఇద్దరి చేవ్రాళ్ళు. కోర్టులో ఒప్పంద భంగం దావాకు సాధారణ గడువు ఆరేళ్ళు కనుక, అంతకాలం దాచుకోవడం మంచిది.

వృత్తి పరికరానికి ప్రత్యేకమైన బాధ్యత మరొకటి ఉన్నది. ఫొటోగ్రాఫరు మెమరీ కార్డులో ఇతరుల పెళ్ళిళ్ళు ఉంటాయి, పసిపిల్లల ముఖాలు ఉంటాయి. లెక్కలు చూసేవారి పాత కంప్యూటరులో ఇతరుల జీతాలు ఉంటాయి. 2018 మే నుంచి ఐరోపా సమాఖ్య అంతటా అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన దీనిని తీవ్రంగా చూస్తుంది. ఆ నిబంధన లేకపోయినా ఈ ధర్మం ఉండేదే. ఆ బేరంలో లేని మూడవ మనిషి మనల్ని నమ్మి తన ఇంట్లోకి రానిచ్చాడు. అతడి తరఫున కూడా ఆ కాగితంలో ఒక వాక్యం ఉండాలి. అన్నీ చెరిపివేసి ఇచ్చానని.

కాగితం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటే మరీ మంచిది. వ్రాయబోతేనే ‘బాగా’ అన్న మాట దగ్గర కలం ఆగుతుంది. ఎక్కువగానా, జాగ్రత్తగానా అని మనల్ని మనమే అడుగుతాము. నోటితో దాటిపోగలిగిన చోట చెయ్యి దాటిపోలేదు. మేము ఆ రోజు ఆ అబ్బాయి అడిగిన కాగితాన్ని వద్దని, ఆయనకు లోపాలు చెప్పే అవకాశాన్ని, అబ్బాయికి అడిగే అవకాశాన్ని కూడా పోగొట్టాము. పెద్దరికం చేశామనుకున్నాము. నిజానికి పెద్దరికమంటే ఒక పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టడం.

ఎనిమిది నెలల తరువాత ఇద్దరినీ మళ్ళీ ఆ బల్ల దగ్గరకే పిలిచాము. ముందుగా మా తప్పు ఒప్పుకున్నాము. తరువాత ఎవరికి గుర్తున్నది వారు వేర్వేరు కాగితాల మీద వ్రాశారు, చదువుకున్నారు. ఆయన వ్రాసినది చదివి అబ్బాయి మెల్లగా, “ఎక్కువగా అని అనుకున్నారా బాబాయ్! నాకు ఆ అర్థం తెలియదు,” అన్నాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. షట్టరు మరమ్మతుకు అయిన 300 యూరోలు చెరిసగం భరించాలని, పెద్ద లెన్సు ఆయనకు తిరిగి ఇవ్వాలని, మిగిలిన 400లో 150 పోను 250 అబ్బాయి ఇవ్వాలని నిర్ణయమైంది. అదంతా రెండు భాషల్లో, రెండు ప్రతులుగా వ్రాశాము. సాక్షులుగా మేము సంతకం చేశాము. ఈసారి పులిహోర తరువాతే తిన్నాము.

రెండు కుటుంబాల మధ్య పూర్వపు చనువు పూర్తిగా తిరిగి వచ్చిందని చెప్పలేము. కొన్ని మాటలు అప్పటికే అని ఉన్నారు, వాటిని ఏ కాగితమూ వెనక్కి తీసుకోలేదు. కాని గుడిలో ఎదురైనప్పుడు ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. మొన్నటి పండుగకు ఆయనే ఆ కుర్రవాడికి దీపాల వెలుగులో ఫొటో ఎలా తీయాలో చూపిస్తూ కనిపించారు.

ఆ కాగితం కింద ఆయన ఇంగ్లీషులో సంతకం చేశారు. అబ్బాయి మాత్రం కాసేపు ఆలోచించి, వాళ్ళ అమ్మను ఒక ఒత్తు ఎలా వ్రాయాలో అడిగి, తన పేరు తెలుగులో వ్రాశాడు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. అతడు తెలుగులో చేసిన మొదటి చేవ్రాలు అదేనట.